వేలికొన చెప్పే అంకెలు

చాలా కాలంపాటు తెలుగువారి ఇండ్లలో వైద్య పరికరం అనదగినది ఒక్కటే ఉండేది: పాదరసం నింపిన గాజు థర్మామీటరు. పిల్లల చేతికి అందకుండా గోడ అలమారు పై అరలో, తన గొట్టంలో అది భద్రంగా నిద్రించేది. ఎవరికైనా ఒళ్ళు వెచ్చబడినప్పుడు మాత్రమే దానికి మెలకువ. రక్తపోటు చూపించుకోవాలన్నా, రక్తంలో చక్కెర ఎంతున్నదో తెలియాలన్నా డాక్టరుగారి గది ముందు బల్లమీద వరుసలో కూర్చోవలసినదే. ఇక రక్తంలో ప్రాణవాయువు పాలు ఎంత అన్న ప్రశ్న సామాన్య గృహస్థుకు తోచనైనా తోచేది కాదు. ఆ అంకె శస్త్రచికిత్స గదిలో మత్తుమందు ఇచ్చే వైద్యుని కంటి ముందు వెలిగి, అక్కడే ఆరిపోయేది.

నేడు అదే అరలో మూడు నాలుగు పరికరాలు చేరినవి. వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటరు, రక్తపు బొట్టుతో చక్కెరను చెప్పే గ్లూకోమీటరు, మీట నొక్కితే తనంతట తానే గాలి నింపుకునే బి.పి. మిషను, ఇవి చాలవన్నట్లు రాత్రింబవళ్ళు మణికట్టును విడువని గడియారం. వీటిలో చేతిసంచిలో పట్టనిది ఏదీ లేదు. ఒకప్పుడు ఆసుపత్రి బల్ల నిండా పరచుకున్న యంత్రం ఇంతలోకి ఇమిడినందుకు సంతోషించవలసినదే. అయితే యంత్రంతోపాటు దాని అంకెను చదివి అర్థం చెప్పే వైద్యుడు చేతిసంచిలోకి రాలేదు. ఈ పరికరాల మంచి చెడ్డలు చాలావరకు ఈ లోటు చుట్టూనే తిరుగుతున్నవి.

ఆయాసం లేని ప్రమాదం

2020లో కోవిడ్ వ్యాధి ప్రపంచాన్ని చుట్టుముట్టినప్పుడు ఆసుపత్రులలోని వైద్యులకు ఒక వింత ఎదురైనది. రక్తంలో ప్రాణవాయువు నూటికి ఎనభై పాళ్ళకు, అంతకంటె కిందికి కూడా దిగజారిన రోగులు కొందరు మంచంమీద కూర్చుని ఇంటివారితో ఫోనులో మాట్లాడుతూ కనిపించేవారు. మామూలుగా ఆరోగ్యవంతుని రక్తంలో ఈ పాలు 95 నుండి 100 వరకు ఉంటుంది. ఎనభై వద్ద మనిషి రొప్పవలసినది. స్పృహ తప్పినా ఆశ్చర్యం లేదు. వీరికి మాత్రం పెద్దగా ఆయాసం లేదు.

ఇందుకు కారణం శరీర ధర్మంలోనే ఉన్నది. ఊపిరి అందడం లేదన్న బాధను మెదడుకు ప్రధానంగా తెలియజేసేది ప్రాణవాయువు తరుగుదల కాదు, బొగ్గుపులుసు వాయువు పెరుగుదల. కోవిడ్ సోకిన ఊపిరితిత్తులు తొలిదశలో ప్రాణవాయువును సరిగా లోనికి తీసుకోలేకపోయినా బొగ్గుపులుసు వాయువును మాత్రం బయటికి పంపగలిగేవి. కాబట్టి మెదడుకు హెచ్చరిక అందలేదు. రోగి తనకు నయంగానే ఉన్నదని నమ్ముతుండగానే లోపల అవయవాలకు ప్రాణవాయువు కరవయ్యేది. ఆయాసం తెలిసి ఆసుపత్రికి బయలుదేరేసరికి ఆలస్యమయ్యేది.

అంతవరకు ఆసుపత్రులకే పరిమితమైన ఆక్సీమీటరు ఇంటింటికీ అవసరమైనది ఇక్కడనే. మనిషి తన ఒంటిని తాను నమ్మలేని ఆ స్థితిలో, వేలికి తగిలించిన ఒక చిన్న క్లిప్పు అతనికంటె ముందుగా ప్రమాదాన్ని పసికట్టగలిగినది. ఇంటివద్ద చికిత్స పొందే రోగులకు ఢిల్లీ ప్రభుత్వం 2020లోనే ఈ పరికరాలను ఇచ్చినది. వ్యాధి లక్షణాలున్నవారు ఇంటిలో వీటిని వాడుకోవచ్చునని, అయితే వైద్యుల పర్యవేక్షణ వంటి ఏర్పాట్లు తోడుగా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 జనవరిలో సూచించినది. అదే ఏడాది వేసవిలో రెండవ విడత వ్యాధి మన దేశాన్ని కుదిపివేసినది. మంచాలు లేవు, సిలిండర్లు లేవు. మందుల దుకాణాలలో ఆక్సీమీటర్లు కూడా దొరకలేదు. 90 నుండి 93 వరకు ఉంటే వ్యాధి మధ్యస్థమనీ, 90కి తగ్గితే తీవ్రమనీ అప్పటి జాతీయ చికిత్సా సూత్రాలు నిర్ణయించినవి. ఎన్నడూ శాస్త్ర పాఠం చదువని వృద్ధులకు సైతం ఆ అంకెలు కంఠస్థమయినవి. ఊరినుండి ఫోను చేసినవారు కుశల ప్రశ్నకు ముందే "ఆక్సిజన్ ఎంతున్నది?" అని అడిగేవారు. ఇంటిలో ఉండవచ్చునా, మంచం కొరకు వెదకవలసినదేనా అన్న నిర్ణయాన్ని ఎన్నో కుటుంబాలు ఆ రెండంకెల మీద మోపినవి.

అంతటి బరువును మోయగల శక్తి ఆ పరికరానికి ఉన్నదా? ఇది తెలియాలంటే అది ఎలా పుట్టినదో కొంత చూడాలి.

అడ్డు వచ్చిన అలలు

రక్తం రంగును బట్టి అందులోని ప్రాణవాయువును అంచనా వేయవచ్చునన్న ఆలోచన పాతదే. ప్రాణవాయువు నిండిన రక్తం చెక్కుచెదరని ఎరుపు. అది తరిగిన రక్తం నల్లబారిన ఎరుపు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఎంతో ఎత్తున ఎగిరే వైమానికుల కొరకు గ్లెన్ మిలికన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు చెవి తమ్మెకు తగిలించే పరికరం ఒకటి తయారుచేసి దానికి ఆక్సీమీటర్ అని పేరు పెట్టాడు. కాని అటువంటి పరికరాలలో ఒక చిక్కు ఉండేది. చెవిలోనుండి వెలుతురు పోయేటప్పుడు దానిని రక్తం ఒక్కటే పీల్చదు. చర్మం పీలుస్తుంది, కండ పీలుస్తుంది, కదలక నిలిచి ఉన్న సిరల రక్తమూ పీలుస్తుంది. వీటిలో కావలసిన ధమని రక్తం వాటా ఎంతో విడదీయడం ఎలా?

ఈ చిక్కును విప్పినవాడు జపానుకు చెందిన తకువో అవోయాగి అనే ఇంజనీరు. నిహోన్ కోడెన్ అనే వైద్య పరికరాల సంస్థలో 1970ల ఆరంభంలో ఆయన చేస్తున్న పని అసలు వేరు. రక్తంలోకి ఒక రంగును ఎక్కించి, అది పలచబడే తీరును చెవివద్ద వెలుతురుతో కొలిచి, గుండె నిమిషానికి ఎంత రక్తాన్ని తోడుతున్నదో లెక్కకట్టాలని ఆయన ప్రయత్నం. నాడి కొట్టుకున్నప్పుడల్లా కొలతలో ఒక అల లేచి లెక్కను చెడగొట్టేది. ఆ అలలను తుడిచివేయడానికి ఆయన రెండు రకాల వెలుతురును వాడి, ఒకదాని అలతో రెండవదాని అలను కొట్టివేయజూశాడు. రక్తంలో ప్రాణవాయువు మామూలుగా ఉన్నంతసేపు ఉపాయం పనిచేసినది. అది తగ్గగానే అలలు మళ్ళీ తల ఎత్తినవి. మరొకరైతే విసిగి వదలివేసేవారు. అవోయాగి మాత్రం ఆ అడ్డంకిలోనే తాను వెదకనిది దొరికినదని గ్రహించాడు. నాడితోపాటు లేచి పడేది ధమని రక్తం మాత్రమే. చర్మం, కండ, సిర ఏవీ అలా కదలవు. కాబట్టి కదలని భాగాన్ని వదలి, కదిలే అలను మాత్రమే చూస్తే ధమని రక్తపు రంగు తెలిసిపోతుంది. 1974లో ఆయన ఈ సంగతిని జపానులోని ఒక శాస్త్ర సభలో వెల్లడించాడు. మరుసటి ఏటికే మొదటి పరికరం తయారైనది.

ఇప్పుడు అంగడిలో దొరికే క్లిప్పులోనూ జరిగేది ఇదే. ఒక వైపు రెండు చిన్న దీపాలు: ఒకటి కంటికి కనిపించే ఎర్రని వెలుగు, రెండవది కంటికి కనిపించని పరారుణ కిరణం. వేలికి అవతలి వైపున ఉన్న గ్రాహకం రెండింటి అలలను కొలిచి వాటి నిష్పత్తి కడుతుంది. ప్రాణవాయువు తరిగిన రక్తం ఎర్రని వెలుగును ఎక్కువగా పీలుస్తుంది, నిండిన రక్తం పరారుణ కిరణాన్ని ఎక్కువగా పీలుస్తుంది.

జపానులో ఈ పరికరానికి మొదట అంత ఆదరణ లభించలేదు. అమెరికాలో నెల్కోర్ అనే సంస్థ 1980ల ఆరంభంలో దీనిని చేపట్టిన తరువాత మత్తుమందు వైద్యులు దానిని విడువలేదు. శస్త్రచికిత్స సమయంలో రోగి నీలబడినాడని వైద్యుని కన్ను గుర్తించేలోపలే అది కూత పెట్టి హెచ్చరించేది. 1995లో అమెరికాలోని నోనిన్ సంస్థ తెర, దీపాలు, బ్యాటరీలు అన్నింటినీ వేలికి పట్టే క్లిప్పులోనే ఇమిడ్చినది. అవోయాగి తన 84వ ఏట, 2020 ఏప్రిల్‌లో కన్ను మూశాడు. ప్రపంచమంతటా జనం ఆయన కనిపెట్టిన పరికరం కొరకు దుకాణాల ముందు నిలబడుతున్న రోజులవి.

పెట్టెమీద వ్రాయని సంగతి

వెలుతురు నిష్పత్తి నుండి ప్రాణవాయువు పాలును రాబట్టే పట్టిక కేవలం సూత్రాల నుండి పుట్టదు. ఆరోగ్యవంతులైన కొందరిని ఎంచి, వారు పీల్చే గాలిలో ప్రాణవాయువును క్రమంగా తగ్గిస్తూ, ధమని నుండి రక్తం తీసి పరీక్షించి, ఆ ఫలితాలతో పోల్చి పట్టిక కడతారు. ఎంచిన మనుష్యులు ఎవరన్న ప్రశ్న ఇక్కడ వస్తుంది. వారిలో తెల్లని చర్మం గలవారే హెచ్చు.

దీని పర్యవసానం 2020 డిసెంబరులో బయటపడినది. అమెరికాలోని మిచిగాన్ విశ్వవిద్యాలయ వైద్యులు ఆసుపత్రి రోగులలో ఆక్సీమీటరు చూపిన అంకెను, దాదాపు అదే సమయాన ధమని రక్తంలో కొలిచిన అంకెను పక్కపక్కన పెట్టి చూశారు. క్లిప్పు 92 నుండి 96 వరకు చూపుతుండగా నిజంగా 88కి తక్కువ ఉన్న సందర్భాలు తెల్లవారిలో నూటికి 3.6, నల్లవారిలో 11.7. అంటే దాదాపు మూడు రెట్లు. చర్మంలోని నల్లని వర్ణద్రవ్యం వెలుతురును పీల్చుతున్నందున పరికరం ఉన్నదానికంటె ఎక్కువ చూపుతున్నది. ఆక్సీమీటరు చేయగల తప్పులలో ఇది చెడ్డది. తక్కువ చూపితే రోగి కంగారుపడి ఆసుపత్రికి వెళ్ళి, ఏమీ లేదని తెలిసి తిరిగివస్తాడు. ఎక్కువ చూపితే ఇంటిలోనే ఉండిపోతాడు. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2021 ఫిబ్రవరిలో ప్రజలను హెచ్చరించినది. 2025 జనవరిలో వెలువరించిన ముసాయిదాలో, ఆసుపత్రులలో వాడే ఆక్సీమీటర్లను వివిధ చర్మవర్ణాలు గల 150 మందిపైన అయినా పరీక్షించాలని సూచించినది. అంతకు ముందు పదిమంది సరిపోయేవారు!

భారతదేశంలో చర్మవర్ణం పసిమి ఛాయ నుండి కారునలుపు వరకు ఉన్నది. ఒక్క తెలుగు కుటుంబంలోనే ఈ తేడాలన్నీ కనిపించవచ్చు. తాను కొంటున్న క్లిప్పును ఏ చర్మంపైన సరిచూశారో కొనుగోలుదారు తెలుసుకునే వీలు చాలావరకు లేదు. పెట్టెమీద ఆ ముక్క వ్రాయరు.

చర్మం సంగతి అలా ఉండగా చిన్న చిన్న పొరపాట్లు మరికొన్ని ఉన్నవి. గోళ్ళరంగు వెలుతురును అడ్డగిస్తుంది. చేతులు చల్లబడి ఉంటే వేలికి రక్తం సరిగా చేరక అంకె తప్పుతుంది. వేలు కదిలినా అంతే. కుంపటి పొగ నిండిన గదిలో బొగ్గు విషవాయువు పీల్చిన మనిషి విషయంలోనైతే పరికరం పూర్తిగా మోసపోతుంది. ఆ విషవాయువు పట్టిన రక్తం కూడా ఎర్రగానే ఉండడం వలన, ప్రాణవాయువు అందక మనిషి సొమ్మసిల్లుతున్నా తెరమీద 98 వెలుగుతూనే ఉంటుంది. మామూలు పరిస్థితులలో సైతం రెండు మూడు పాళ్ళ తేడా సహజం. అందుచేత ఒక్కసారి కనిపించిన 93 కంటె, ఉదయం 97, మధ్యాహ్నం 95, సాయంత్రం 93 అని దిగుతున్న వరుస ఎక్కువ సంగతి చెబుతుంది. కోవిడ్ రోజులలో అనుభవజ్ఞులైన వైద్యులు కాగితంమీద వేళలతో సహా వ్రాసి ఉంచమన్నది ఇందుకే.

ధర సంగతి కూడా చెప్పుకోవాలి. గిరాకీ పెరిగేసరికి లాభార్జన హద్దు మీరినది. చివరకు 2021 జూలైలో జాతీయ ఔషధ ధరల నిర్ణాయక సంస్థ ఆక్సీమీటరు, గ్లూకోమీటరు, బి.పి. మిషను, నెబులైజరు, డిజిటల్ థర్మామీటరు అనే అయిదింటిపై వ్యాపారుల లాభాన్ని 70 శాతానికి పరిమితం చేసినది. అంతకు ముందు కొన్నింటిపై ఆ లాభం 700 శాతాన్ని దాటినదని ప్రభుత్వమే ప్రకటించినది. వేలికి బదులు పెన్సిలు పెట్టినా నిక్షేపంగా నాడిని, ప్రాణవాయువును చూపే చవక సరుకు కూడా ఆ రోజులలోనే చేతులు మారినది. ఫోను కెమెరాపై వేలు పెడితే చాలు, పరికరమే అక్కరలేదన్న ప్రకటనలూ వచ్చినవి. వాటిని నమ్మదగినదేమీ లేదు.

రక్తపు బొట్టు

ఆక్సీమీటరు అనుకోని విపత్తు వలన ఇంటికి వచ్చినది. గ్లూకోమీటరు కథ వేరు. దానిని ఒక రోగి పట్టుబట్టి ఇంటికి తెచ్చుకున్నాడు.

అమెరికాలో రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజనీరు పన్నెండవ ఏట నుండి మధుమేహంతో బాధపడుతుండేవాడు. అప్పటి పద్ధతి మూత్రంలో చక్కెరను పరీక్షించడం. అది కొన్ని గంటల క్రిందటి కథను, అదీ అస్పష్టంగా చెప్పేది. 1970 ప్రాంతంలో రక్తపు బొట్టు నుండి చక్కెరను కొలిచే యంత్రాన్ని ఏమ్స్ అనే సంస్థ తయారుచేసినది. బరువు కిలోకు పైగా ఉన్న ఆ యంత్రం ఆసుపత్రుల కొరకు ఉద్దేశించినది; దానిని వైద్యులకు తప్ప రోగులకు అమ్మేవారు కారు. బెర్న్‌స్టీన్ భార్య వైద్యురాలు. ఆమె పేరిట ఆయన ఒక యంత్రాన్ని తెప్పించుకుని రోజుకు పలుమార్లు రక్తం పరీక్షించుకుంటూ, ఏది తింటే ఎంత పెరుగుతున్నదో, ఎంత ఇన్సులిన్‌కు ఎంత తగ్గుతున్నదో వ్రాసుకున్నాడు. ఆరోగ్యం కుదుటపడినది. ఈ అనుభవాన్ని వైద్య పత్రికలకు పంపితే ఎవరూ ప్రచురించలేదు. ఆయన నలభై అయిదవ ఏట వైద్య కళాశాలలో చేరి స్వయంగా వైద్యుడైనాడు. 2025లో, తొంభై దాటిన వయస్సులో మరణించేవరకు రోగులను చూస్తూనే ఉన్నాడు.

ఆయన పట్టుదల సరైనదేనని 1993లో రుజువైనది. ఇన్సులిన్ తప్పనిసరి అయిన మొదటి రకం మధుమేహం గల 1441 మందిపై అమెరికా, కెనడాలలో సాగిన పరిశోధనలో, రోజుకు నాలుగు మార్లో అంతకంటె ఎక్కువో రక్తం పరీక్షించుకుని ఇన్సులిన్ మోతాదును దిద్దుకున్నవారిలో కంటి జబ్బు ముప్పు 76 శాతం తగ్గినది. చూపు నిలుపుకోవడమంటే మాటలు కాదు. ఇటువంటి రోగులకు, ముఖ్యంగా పిల్లలకు, గ్లూకోమీటరు అన్నంతో సమానమైన అవసరం.

మన దేశంలో మధుమేహ రోగుల సంఖ్య 10 కోట్లు దాటినదని భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యాన జరిగిన సర్వే 2023లో తెలిపినది. వారిలో అత్యధికులు రెండవ రకం వారు. అందునా పలువురు ఇన్సులిన్ లేకుండా మాత్రలతో సరిపెట్టుకునేవారు. వీరు కూడా ప్రతిరోజూ వేలు పొడుచుకోవాలా? అమెరికాలోని ఉత్తర కెరొలైనా రాష్ట్రంలో ఇటువంటి 450 మందిని ఏడాదిపాటు పరిశీలించి 2017లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, రోజూ పరీక్షించుకున్నవారికీ అసలు పరీక్షించుకోనివారికీ చక్కెర అదుపులో చెప్పుకోదగిన తేడా లేదు. ఇందులో వింత లేదు. ఉదయం 160 వచ్చినదని తెలిసినంత మాత్రాన మోతాదు మార్చుకునే వీలు లేని మనిషికి ఆ అంకె దిగులును తప్ప మరి దేనిని ఇస్తుంది? అటువంటివారికి మూడు నెలల సగటును తెలిపే హెచ్.బి.ఎ.1సి. పరీక్ష ఎక్కువ ఉపయోగం. మాత్రలు మారినప్పుడు, ఒంట్లో బాగుండనప్పుడు, కళ్ళు తిరిగినప్పుడు మీటరు అక్కరకు వస్తుంది.

మీటరు అమ్మేవారికి మాత్రం రోజువారీ పరీక్షే లాభం. యంత్రాన్ని తక్కువ ధరకు, ఒక్కొక్కప్పుడు ఉచితంగానే ఇస్తారు. ఆదాయమంతా స్ట్రిప్పులలో ఉన్నది. ఒక సంస్థ స్ట్రిప్పు మరొక సంస్థ మీటరులో పనిచేయదు కాబట్టి కొన్నవాడు కట్టుబడిపోతాడు. నెల జీతంలో మందులకే సగం పోయే ఇంటిలో ఈ స్ట్రిప్పుల ఖర్చు చిన్నది కాదు. ఖర్చుకు వెరచి గడువు తీరిన స్ట్రిప్పులను వాడేవారున్నారు. స్ట్రిప్పుపైన పూసిన ఎంజైము వేడికీ చెమ్మకూ చెడుతుంది. సాధారణంగా 30 డిగ్రీలు మించని చోట ఉంచమని డబ్బామీద వ్రాసి ఉంటుంది. మే నెలలో కృష్ణా, గుంటూరు ప్రాంతాలలో రేకుల ఇంటి అలమారులో అంత చల్లని చోటు ఎక్కడ దొరుకుతుందో తయారుచేసినవారు ఆలోచించినట్లు లేదు.

ఇంకొక తమాషా ఉన్నది. మామిడిపండు ఒలిచిన చేతిని కడుగకుండా వేలు పొడిస్తే, వేలికి అంటిన తీపి రక్తపు బొట్టులో కలసి అంకె ఆకాశానికి ఎగురుతుంది. స్పిరిటు దూదితో ఒకసారి తుడిచినా పూర్తిగా పోదు. నీళ్ళతో కడిగి తుడుచుకోవాలి. ఆ అంకెను నమ్మి ఇన్సులిన్ ఎక్కువగా వేసుకుంటే ప్రమాదం నిజమైనదే. ఇక మంచి మీటరుకు సైతం, రక్తంలో చక్కెర 100కు పైన ఉన్నప్పుడు అసలు విలువకు 15 శాతం ఇటూ అటూ చూపడానికి అంతర్జాతీయ ప్రమాణమే అనుమతిస్తున్నది. అంటే నిజంగా 200 ఉన్నవానికి 170 వచ్చినా 230 వచ్చినా మీటరు తప్పు చేసినట్లు కాదు. నిన్నటి 182 నేడు 174 అయినదని పథ్యం సడలించేవారు ఈ లెక్కను గుర్తుంచుకోవడం మంచిది.

చేతిపట్టీ, మణికట్టు

బి.పి. మిషను గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. పాదరసపు స్తంభం, స్టెతస్కోపుతో చూసే పాత పద్ధతిని 1905లో రష్యన్ వైద్యుడు కొరొత్కోవ్ చూపాడు. ఇంటి మిషను శబ్దాన్ని వినదు. చేతిపట్టీలోని గాలి అదురును బట్టి లెక్కకడుతుంది. సరిగా వాడితే దీని ఉపయోగం గొప్పది. డాక్టరుగారిని చూడగానే రక్తపోటు పెరిగే మనుష్యులు చాలామంది ఉన్నారు. అక్కడ మామూలుగా ఉండి ఇంటివద్ద పెరిగేవారూ ఉన్నారు. ఈ ఉభయులనూ పట్టి ఇచ్చేది ఇంటి మిషనే. కాని చొక్కా చేతిమీదనే పట్టీ చుట్టి, మేడమెట్లు ఎక్కి వచ్చిన వెంటనే, కాలుమీద కాలు వేసుకుని, పక్కవారితో మాట్లాడుతూ మీట నొక్కేవారికి అది ఏ సంగతీ చెప్పదు. అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోవాలి. చేయి గుండె ఎత్తున బల్లమీద ఉండాలి. చేయి పది సెంటీమీటర్లు కిందికి జారితే అంకె ఏడెనిమిది పాయింట్లు పెరుగుతుంది. ఒక కొత్త మాత్ర మొదలు పెట్టించడానికి అది చాలు. లావైన చేతికి చిన్న పట్టీ చుట్టినా అంకె పెరుగుతుంది. మణికట్టుకు చుట్టే రకాలు చూడడానికి ముచ్చటగా ఉంటవి కాని, చేయి ఉంచే తీరులో పొరపాటుకు వాటిలో అవకాశం ఎక్కువ.

గడియారాలు మరీ కొత్తవి. గుండె లయ తప్పినదని ఇవి హెచ్చరించగలవు. 2019లో ప్రచురించిన ఒక అమెరికన్ అధ్యయనంలో ఆపిల్ గడియారం ధరించిన 4,19,297 మందిలో అటువంటి హెచ్చరిక అందినవారు నూటికి అరమంది. వారిలో గుండె లయను నమోదు చేసే పట్టీని అంటించుకుని తిరిగి పంపినవారిని పరిశీలిస్తే, మూడింట ఒక వంతు మందిలో లయ దోషం కనిపించినది. లయ దోషం వచ్చి పోతుండే స్వభావం కలది కనుక మిగిలినవారి హెచ్చరికలన్నీ తప్పుడువి అనడానికి వీలు లేదు. పక్షవాతానికి దారితీసే దోషాన్ని ముందుగా పట్టడం లాభమే. అయితే ధరించినవారు ఎక్కువగా యువకులు, దోషం ఎక్కువగా వచ్చేది వృద్ధులకు.

సూది గుచ్చకుండా చక్కెరను చెప్పే గడియారాలు, ఉంగరాలు అమ్ముడవుతున్నవి. ఇవి వట్టి మోసం. చర్మాన్ని గుచ్చకుండా తనంతట తానే చక్కెరను కొలిచే ఏ గడియారానికీ ఉంగరానికీ తాము అనుమతి ఇవ్వలేదని అమెరికా నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించినది. చేతికి అంటించుకునే సెన్సర్ల సంగతి వేరు. వాటికి చర్మం కింద సన్నని తీగ ఉంటుంది. ఇక నిద్రను కొలిచే గడియారాలను చూసుకుంటూ, నిద్ర చాలలేదన్న దిగులుతో నిద్ర పోగొట్టుకునేవారు ఎందరు కనిపించారంటే, ఆ బాధకు 2017లో పరిశోధకులు "ఆర్థోసోమ్నియా" అని పేరే పెట్టవలసివచ్చినది.

ఈ పరికరాలలో కొన్నింటికి నాణెం వంటి చదునైన బ్యాటరీలు ఉంటవి. గ్లూకోమీటరు, డిజిటల్ థర్మామీటరు తెరచి చూస్తే కనిపిస్తవి. పసివాడు మింగిన బ్యాటరీ అన్ననాళంలో చిక్కుకుంటే రెండు గంటలలోనే అక్కడి కండరాన్ని కాల్చివేయగలదు. వైద్య పరికరమే కదా అని మూత ఊడిన మీటరును పిల్లల చేతికి ఆటవస్తువుగా ఇచ్చే ఇండ్లు లేకపోలేదు. పాత థర్మామీటరును పై అరలో దాచిన జాగ్రత్త వీటి విషయంలోనూ కావాలి.

పట్టణాలలో ఇంటికొకటి ఉన్న ఈ క్లిప్పు ఎక్కువ మేలు చేయగల చోటు మరొకటి ఉన్నది. అయిదేళ్ళ లోపు పిల్లల మరణాలకు పెద్ద కారణాలలో న్యుమోనియా ఒకటి. దగ్గు, జ్వరంతో ఉన్న పిల్లవానికి ప్రాణవాయువు తగ్గినదో లేదో కంటితో చెప్పడం నిపుణులకే కష్టం. గ్రామంలో నర్సుకు మరింత కష్టం. కేంద్ర ప్రభుత్వం 2019 నవంబరులో సాంస్ అనే పేరుతో ప్రారంభించిన కార్యక్రమంలో, గ్రామస్థాయి ఆరోగ్య కేంద్రాలలో ఆక్సీమీటరుతో పిల్లలను పరీక్షించి, అవసరమైనవారిని వెంటనే పెద్ద ఆసుపత్రికి పంపాలని నిర్దేశించారు. ఎక్స్‌రే లేని చోట, రక్త పరీక్ష లేని చోట, డాక్టరు వారానికొకసారి వచ్చే చోట ఇంతకంటె చవకగా ఇంత ముఖ్యమైన సంగతిని చెప్పగల యంత్రం మరొకటి లేదు. కాని దుకాణంలో దొరికే మామూలు క్లిప్పు పెద్దవారి వేలి కొలతకు చేసినది. పసివాని వేలికి అది నిలువదు, జారిపోతుంది; నిలిచినా దీపం ఒకవైపు, గ్రాహకం ఒకవైపు తప్పుకుని అంకె తప్పు వస్తుంది. శిశువులకు పాదానికి గాని బొటనవ్రేలికి గాని చుట్టే మెత్తని పట్టీ వేరుగా కావాలి. దాని ధర క్లిప్పు ధరకు ఎన్నో రెట్లు. చుట్టిన తరువాత కూడా పిల్లవాడు ఏడుపు మాని, కాలు కదపకుండా ఉండేవరకు నర్సు వేచి ఉండాలి. అంకె స్థిరపడడానికి కనీసం ఒక నిమిషం పడుతుంది.